ఎన్నికల ప్రచారంలో జాతి దూషణలు, ఎగతాళి పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలొస్తే చాలు, మైకు పట్టుకున్న వాళ్లందరికీ ఎదుటి అభ్యర్థికి ఏదో ఒక పేరు తగిలించాలని నాలుక దురద పెడుతుంది. ఆ పేర్లలో కొన్ని నవ్వి ఊరుకోదగ్గవి, కొన్ని కేసు పెట్టదగ్గవి. ఇంకొన్ని ఊళ్లనే తగలబెట్టాయి. వీటి గురించి తరచూ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. దూషణ పదాలను, అవి లేకపోతే విషయం అర్థం కాదనుకున్న చోట మాత్రమే వాడాను.

ఎగతాళి ఎక్కడ ఆగుతుంది, జాతి దూషణ ఎక్కడ మొదలవుతుంది?

నేను వాడే పరీక్ష ఒక్కటే. ఆ మాటలోంచి నాయకుణ్ని తీసేసి చూడండి. ఇంకా ఎవరికైనా తగులుతోందా?

పార్టీలు మారే ఒకాయన్ని "గోడ మీద పిల్లి" అన్నారనుకోండి. ఆయన్ని పక్కన పెడితే ఆ మాట ఎవరికీ తగలదు. అదే ఆయన రంగునో, యాసనో, కులాన్నో, మతాన్నో పట్టుకుని పేరు పెడితే, ఆ రంగూ ఆ యాసా ఉన్న వాళ్లందరికీ తగులుతుంది. వాళ్లెవరూ పోటీలో లేరు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

మర్యాదగా ఉందా, మోటుగా ఉందా అన్నది ఇక్కడ కొలత కాదు. పచ్చి బూతు ఒక్క మనిషి దగ్గరే ఆగిపోవచ్చు. చాలా నాజూకైన మాట ఒక జాతి మొత్తాన్నీ కొట్టవచ్చు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే, 1966లో బొంబాయిలో శివసేన పుట్టిన కొత్తలో దక్షిణాది వాళ్ల మీద నడిపిన ప్రచారం చూడండి. "బజావ్ పుంగీ, హటావ్ లుంగీ" అన్నది అప్పటి నినాదం. లుంగీ కట్టినవాడు తమిళుడా, మలయాళీయా, కన్నడిగుడా, తెలుగువాడా అని ఎవరూ విచారించలేదు. అందరూ "మదరాసీ"లే.

తిట్టు మాట ఒక్కటీ వాడకుండా జాతిని దూషించవచ్చా?

భేషుగ్గా దూషించవచ్చు. దీనికి బెర్లిన్‌లో జరిగినదాన్ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

1927లో బెర్న్‌హార్డ్ వైస్ అనే యూదుడు బెర్లిన్ పోలీసు శాఖకు ఉపాధ్యక్షుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి ఐరన్ క్రాస్ పతకం తెచ్చుకున్న మనిషి. అప్పట్లో నాజీ పార్టీ బెర్లిన్ శాఖను నడుపుతున్న గోబెల్స్, ఆయన్ని "ఇసిడోర్" అనడం మొదలుపెట్టాడు. ఇసిడోర్ అన్నది తిట్టు కాదు. జర్మన్లు వినగానే "యూదుడు" అనుకునే ఒక మామూలు పేరు. వైస్ పేరు మాత్రం అది కాదు. గోబెల్స్ నడిపిన "డెర్ అంగ్రిఫ్" పత్రికలో ఆ పేరు మీద రాతలు, కార్టూన్లు వస్తూనే ఉండేవి.

ఇప్పుడు వైస్ ఏం చేయాలి? "నేను ఇసిడోర్‌ను కాను" అని గట్టిగా అంటే, యూదు పేరు ఉండటమే అవమానమని తానే ఒప్పుకున్నట్టవుతుంది. ఊరుకుంటే ఆ పేరే ఖాయమవుతుంది. ఆయన కోర్టుకెక్కాడు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. గెలిచాడు కూడా. గెలిచిన ప్రతిసారీ ఆ పేరు ఇంకోసారి పత్రికలకెక్కేది. 1932 జులైలో ఆయన్ని పదవిలోంచి తీసేశారు. మరుసటి ఏడు నాజీలు అధికారంలోకి రాగానే దేశం విడిచి పారిపోవలసి వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. 1938 ఆగస్టులో నాజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. ప్రభుత్వ జాబితాలో ఉన్న "యూదు పేరు" లేని యూదు మగవాళ్లు తమ పేరుకు "ఇస్రాయెల్" అనీ, ఆడవాళ్లు "సారా" అనీ చేర్చుకోవాలి. 1939 జనవరి 1 నుంచి అమలు. ఒక మనిషి మీద పదకొండేళ్ల కిందట ప్రయోగించిన ఎగతాళి, చట్టమై అందరి గుర్తింపు కార్డుల మీదికీ ఎక్కింది.

నోరు తిరక్క పేరు తప్పు పలికినా దూషణేనా?

నోరు తిరక్కపోవడం తప్పు కాదు. ఒకసారి సరిచేశాక కూడా తిరక్కపోతే, అదీ సభ నవ్వేటట్టు తిరక్కపోతే, అనుమానించాలి.

2020 అక్టోబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్ర సెనేటర్ డేవిడ్ పెర్డ్యూ ఎన్నికల సభలో కమలా హారిస్ పేరును రెండు మూడు రకాలుగా వంకర్లు తిప్పి, ఏదో ఒకటిలే అన్నట్టు వదిలేశాడు. అప్పటికి ఆమె మూడున్నరేళ్లకు పైగా ఆయనతో పాటే సెనేట్‌లో కూర్చుంటోంది. చెడు ఉద్దేశం లేదని ఆయన ప్రచార బృందం చెప్పింది. కానీ నొచ్చుకున్నది కమల ఒక్కతే కాదు. బడిలో, ఆఫీసులో తమ పేర్లు ఇలాగే నలిగిన వాళ్లు వేల మంది తమ పేర్లకు అర్థాలేమిటో చెబుతూ "మై నేమ్ ఈజ్" అన్న హ్యాష్‌ట్యాగ్‌తో పోస్టులు పెట్టారు.

దీనికి తిరగేసిన రకమూ ఉంది. పేరు సరిగ్గానే పలుకుతారు, కానీ కావాలని ఒత్తి పలుకుతారు. ఒబామా మధ్య పేరు హుస్సేన్ అన్నది నిజమే. 2008 ప్రచారంలో దాన్ని పదే పదే సాగదీసి పలికిన వాళ్ల ఉద్దేశం జనానికి సమాచారం ఇవ్వడం కాదు.

ప్రత్యర్థిని తిడితే ఓట్లు ఎలా రాలతాయి?

ఆ మాట ప్రత్యర్థి కోసం అన్నది కాదు కాబట్టి. అది ఓటరుకు "నువ్వూ నేనూ ఒకటి, వాళ్లు వేరు" అని చేసే సైగ. రోడ్లు, జీతాలు, ఇళ్లు అంటూ మాట్లాడితే లెక్కలు చెప్పాలి. "వాళ్లు" అంటే చాలు, లెక్క అడిగేవాడుండడు.

1964లో ఇంగ్లండ్‌లోని స్మెథిక్ నియోజకవర్గంలో జరిగింది ఇదే. బర్మింగ్‌హామ్ పక్కనున్న పారిశ్రామిక పట్టణం అది. ఇళ్ల కొరత ఉంది. కరీబియన్ దీవుల నుంచీ పంజాబు నుంచీ వచ్చిన కార్మికులున్నారు. పొరుగింట్లోకి నల్లవాళ్లు రావాలనుకుంటే లేబర్ పార్టీకి ఓటెయ్యండంటూ, నల్లవాళ్లకున్న అతి నీచమైన తిట్టు పదంతో కట్టిన నినాదం ఒకటి ఊరంతా తిరిగింది. దేశమంతా లేబర్ గాలి వీస్తుంటే, ఆ ఒక్క చోట కన్సర్వేటివ్ పార్టీ వైపు 7 శాతానికి పైగా ఓట్లు మళ్లాయి. విదేశాంగ మంత్రి కావలసిన ప్యాట్రిక్ గోర్డన్ వాకర్ ఓడిపోయాడు. పీటర్ గ్రిఫిత్స్ గెలిచాడు.

నినాదం తాను తయారు చేయలేదన్నాడు గ్రిఫిత్స్. దాన్ని ఖండించనూ లేదు. అది జనం మనసులోని మాట అన్నట్టుగా మాట్లాడి సరిపెట్టాడు. కొత్త ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటులోనే ఆయన్ని వెలివేయదగ్గవాడన్నాడు. 1965 ఫిబ్రవరిలో మాల్కం ఎక్స్ స్వయంగా ఆ ఊరు వచ్చి చూసి వెళ్లాడు. అదే ఏడు చివర్లో బ్రిటన్‌కు మొదటి జాతి సంబంధాల చట్టం వచ్చింది. 1966 ఎన్నికల్లో గ్రిఫిత్స్ ఓడిపోయాడు. ఒక్క గెలుపు కోసం వాడిన మాట, గెలిచినవాడికి రెండేళ్లు కూడా సీటు నిలబెట్టలేదు.

మరి ఎదురు తిరిగిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. తెలుగువాళ్లకు బాగా గుర్తుండవలసింది 2006 నాటి వర్జీనియా.

ఆగస్టు 11న బ్రేక్స్ అనే చిన్న ఊళ్లో సెనేటర్ జార్జ్ అలెన్ సభ. ప్రత్యర్థి జిమ్ వెబ్ తరఫున ఇరవై ఏళ్ల భారత సంతతి కాలేజీ కుర్రాడు కెమెరాతో ఆయన వెంట తిరుగుతున్నాడు. ఆ గుంపులో తెల్లవాడు కానిది అతనొక్కడే. పసుపు చొక్కా వేసుకున్న ఈ అబ్బాయి అంటూ అలెన్ వేలు చూపించి "మకాకా, లేదా వాడి పేరేదో" అన్నాడు. మకాకా అంటే ఒక కోతి జాతి. ఆఫ్రికాలోని కొన్ని వలస రాజ్యాల్లో నల్లవాళ్లను తిట్టడానికి వాడిన మాట కూడా. అంతటితో ఆగకుండా, అమెరికాకూ అసలైన వర్జీనియాకూ స్వాగతం అన్నాడు. ఆ కుర్రాడు పుట్టింది వర్జీనియాలోనే. సభ చప్పట్లు కొట్టింది. కెమెరా తిరుగుతూనే ఉంది.

అంతవరకూ సునాయాసంగా గెలుస్తాడనీ, 2008లో అధ్యక్ష పదవికి కూడా పోటీ చేస్తాడనీ అనుకున్న మనిషి, 23 లక్షలకు పైగా ఓట్లు పోలైన ఎన్నికలో 9 వేల చిల్లర తేడాతో ఓడిపోయాడు. ఆ సీటుతోనే సెనేట్ డెమోక్రాట్ల చేతికొచ్చింది. ఆ మాట ఒక్కటే ఓడించిందని నేననను. ఇరాక్ యుద్ధం మీద జనానికి అప్పటికే విసుగు పుట్టింది. కానీ 9 వేల ఓట్లు పోవడానికి పెద్ద తప్పులేమీ అక్కర్లేదు.

నా వేదిక మీద ఇంకొకరు అన్నారు. దానికి నా బాధ్యత ఎంత?

వేదిక మీద కూర్చున్నంత. 1884 అక్టోబరు 29న న్యూయార్క్‌లో రిపబ్లికన్ అభ్యర్థి జేమ్స్ బ్లేన్ సమక్షంలో శామ్యూల్ బర్చార్డ్ అనే మతాధికారి, డెమోక్రాట్లది సారా, రోమన్ క్యాథలిక్ మతం, తిరుగుబాటు కలగలిసిన పార్టీ అన్నాడు. ఐరిష్ క్యాథలిక్‌లను ఉద్దేశించిన ఎత్తిపొడుపు అది. బ్లేన్ అప్పటికప్పుడు కిమ్మనలేదు. డెమోక్రాట్లు ఆ మాటను కరపత్రాలుగా అచ్చేసి పంచారు. న్యూయార్క్ రాష్ట్రం వెయ్యి పైచిలుకు ఓట్ల తేడాతో చేజారింది. దాంతోపాటే అధ్యక్ష పదవీ చేజారింది.

2008లో జాన్ మెకెయిన్ ఆ తప్పు చేయలేదు. తన సభలో ఒక రేడియో వ్యాఖ్యాత "హుస్సేన్" అని ఒత్తి పలికాడని తెలిసి అదే రోజు క్షమాపణ చెప్పాడు. అక్టోబరులో ఒక మహిళ ఒబామా అరబ్బు అన్నప్పుడు మైకు వెనక్కి తీసుకుని, కాదమ్మా, ఆయన మంచి కుటుంబీకుడు, ఈ దేశ పౌరుడు అన్నాడు. సొంత సభలో అలా అనడానికి గుండె కావాలి. అయినా ఆ జవాబులో ఒక లోపముంది. "అరబ్బు" అన్నదానికి "కాదు, మంచివాడు" అన్నది బదులైతే, అరబ్బు మంచివాడు కాడనా? నిలబడి ఖండించేటప్పుడు కూడా మొదట చెప్పిన పరీక్ష పెట్టుకోవాలి.

ఈ రోజుల్లో అంత పచ్చిగా ఎవరూ మాట్లాడరు కదా?

మాటలు నాజూకయ్యాయి. 1981లో రిపబ్లికన్ ప్రచార వ్యూహకర్త లీ ఆట్‌వాటర్ ఒక ఇంటర్వ్యూలో ఈ మార్పును దాపరికం లేకుండా చెప్పాడు. 1954లో తిట్టు పదమే వాడేవారు, 1968 నాటికి ఆ పదం వాడితే నష్టం కాబట్టి రాష్ట్రాల హక్కులు, బడి బస్సులు (నల్ల, తెల్ల పిల్లలను కలిపి చదివించడానికి బస్సుల్లో వేరే బడులకు పంపడం) అంటూ మాట్లాడారు, తర్వాత పన్నుల కోత దాకా వచ్చారు, అని ఆయన చెప్పిన క్రమం. వినేవాడికి ఎవరి గురించో తెలుస్తుంది, అడిగితే అనలేదనే వీలుంటుంది.

ఈ రకం మాటల మీద కేసు నిలవడం కష్టం. పన్నుల గురించి మాట్లాడే ప్రతివాడూ జాతి ద్వేషి కాడు. కాబట్టి ఒక్క ప్రసంగం కాదు, అదే మాటను ఏ ఊళ్లో అంటున్నారు, ఏ ఊళ్లో అనడం లేదు అన్నది చూడాలి.

జంతువులు, పురుగుల పేర్లతో పిలవడం గురించి ఎందుకంత భయపడతారు?

అక్కడి నుంచి హత్యకు దూరం తక్కువ కాబట్టి. రువాండాలో టుట్సీ జాతి వాళ్లను "ఇన్యెంజి" అనేవారు. బొద్దింక అని అర్థం. 1960ల నుంచి సాయుధ తిరుగుబాటుదారులకు వాడిన ఆ మాటను 1993లో మొదలైన ఆర్‌టీఎల్ఎం రేడియో జాతి మొత్తానికీ అంటగట్టింది. 1994 ఏప్రిల్ నుంచి సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు. ఆ రేడియో బాధ్యులిద్దరికీ, "కంగురా" పత్రిక సంపాదకుడికీ 2003 డిసెంబరులో రువాండా మారణకాండ విచారణకు ఏర్పాటైన అంతర్జాతీయ నేర న్యాయస్థానం శిక్ష వేసింది. 2007 అప్పీలులో శిక్షలు తగ్గినా దోషులుగానే మిగిలారు.

కెన్యాలో ఇది నేరుగా ఎన్నికలతోనే ముడిపడింది. రిఫ్ట్ లోయలో బయటి తెగల వాళ్లను "మదోఅదోఆ", అంటే మచ్చలు, అనేవారు. మచ్చలను తుడిచేయాలని సభల్లో పిలుపులు. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత అల్లర్లలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఇళ్లు వదిలిపోయారు. ఆ తర్వాతే జాతీయ సమైక్యత కమిషన్ ఏర్పడింది. 2022 ఎన్నికల ముందు ఆ కమిషన్ ప్రకటించిన విద్వేష పదాల జాబితాలో ఈ మాట కూడా ఉంది.

అలాంటి పదాల జాబితా చేసి నిషేధిస్తే సరిపోదా?

మనుషులు కూర్చుని చదివితే కొంత ఉపయోగం. యంత్రానికి అప్పగిస్తే నవ్వులపాలే. 2017లో మయన్మార్‌లో "కలార్" అన్న మాటను ఫేస్‌బుక్ నిషేధించింది. ముస్లింలనూ భారత సంతతి వాళ్లనూ తిట్టడానికి అక్కడ వాడే మాట అది. కానీ బర్మా భాషలో శనగలకూ కుర్చీకీ ఉన్న పేర్లలోనూ ఆ అక్షరాలున్నాయి. శనగల గురించి రాసిన పోస్టులూ పోయాయి, ఆ పదం వాడకండని చెప్పిన పోస్టులూ పోయాయి. తిట్టేవాళ్లకు ఇంకో మాట దొరక్కపోతుందా? ఇసిడోర్ అన్న పేరును ఏ జాబితాలో పెడతాం?

భారతదేశంలో చట్టం ఏమంటోంది?

ముఖ్యమైనవి చెబుతాను.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో సెక్షన్ 123(3) మతం, జాతి, కులం, సముదాయం, భాష పేరిట ఓట్లడగడాన్ని అవినీతి చర్య అంటుంది. 123(3ఎ) వాటి పేరిట ద్వేషం రేపడాన్ని అంటుంది. సెక్షన్ 125 అదే పనికి మూడేళ్ల దాకా జైలు చెబుతుంది. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 4-3 తేడాతో, 123(3) అభ్యర్థి మతకులాలకే కాదు, ఓటరు మతకులాలకూ వర్తిస్తుందని తేల్చింది. దెబ్బ ఎవరికి తగులుతుందో కోర్టు కూడా గమనించిందన్న మాట.

ప్రాంతం మాటేమిటంటారా? 123(3ఎ) పట్టికలో ప్రాంతం లేదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196లో మాత్రం పుట్టిన చోటు, నివాసం కూడా ఉన్నాయి. యాసను, జిల్లాను పట్టుకుని ద్వేషం రేపితే ఆ దారి ఉంది.

ఎస్సీ, ఎస్టీలను నలుగురి ముందు కులం పేరుతో తిడితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఎన్నికల సభ అంటే నలుగురి ముందే కదా.

ఎన్నికల నియమావళి విషయానికొస్తే, విమర్శ విధానాలకూ పనితీరుకూ పరిమితం కావాలని అందులో ఉంది. దానికి చట్టబద్ధత లేదు. అందుకే ఎక్కువగా నోటీసులతో సరిపోతుంది.

ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలిందా?

తగిలింది, ఆలస్యంగా. 1987 డిసెంబరు విలేపార్లే ఉప ఎన్నికలో మతం పేరిట చేసిన ప్రసంగాల కేసులో రమేశ్ ప్రభు ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టు ఖాయం చేసింది 1995 డిసెంబరు 11న. ఆ ప్రసంగాలు చేసిన బాల్ ఠాక్రేకు ఆ తేదీ నుంచి ఆరేళ్లు ఓటు హక్కు లేకుండా చేసిన ఉత్తర్వు వచ్చింది 1999లో. అప్పటికే మూడున్నరేళ్లు గడిచిపోయాయి.

వెంటనే పడే దెబ్బ ఎన్నికల సంఘం నుంచే. 2019 ఏప్రిల్ 15న ఒకే రోజు యోగి ఆదిత్యనాథ్, ఆజం ఖాన్‌లను 72 గంటలు, మాయావతి, మేనకా గాంధీలను 48 గంటలు ప్రచారానికి దూరంగా ఉంచింది. ప్రచారం జోరుగా ఉన్నప్పుడు రెండు రోజులంటే తక్కువేం కాదు.

పెట్టిన పేరునే నెత్తిన పెట్టుకుంటే?

కొందరికి బాగా కలిసొచ్చింది. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో "టోరీ" అంటే ఐర్లండ్ దారిదోపిడీగాడు, "విగ్" అంటే స్కాట్లండ్ మోటు తిరుగుబాటుదారు. ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడిన ఈ రెండు మాటలూ చివరికి రెండు పెద్ద పార్టీల పేర్లయ్యాయి. 2014 జనవరిలో కాంగ్రెస్ నేత మణిశంకర్ అయ్యర్, నరేంద్ర మోదీ టీ అమ్ముకోవడం గురించి విసిరిన మాటను బీజేపీ "చాయ్ పే చర్చా"గా మార్చుకుని ఊరూరా టీ పోసింది.

అయితే టీ అమ్మడం వృత్తి. అది ఒకప్పుడు చేశాను అని గర్వంగా చెప్పుకోవచ్చు. పైగా వెనక అంత పెద్ద పార్టీ ఉంది. బెర్న్‌హార్డ్ వైస్ వెనక ఎవరున్నారు? "నవ్వేసి నెత్తిన పెట్టుకో" అన్న సలహా బలమున్నవాడికే పనికొస్తుంది. బలం లేనివాడికి ఆ సలహా ఇవ్వడం రెండో అవమానం.

నాయకురాలు స్వయంగా వివాదం తెచ్చుకుంటే, అప్పుడు ఎగతాళి పేరు పెట్టడం న్యాయమేగా?

అమెరికా సెనేటర్ ఎలిజబెత్ వారెన్ తనకు ఆదివాసీ మూలాలున్నాయని చెప్పుకోవడాన్ని ప్రశ్నించడం న్యాయమే. 2018లో ఆమె డీఎన్ఏ పరీక్ష ఫలితం బయటపెడితే చెరోకీ నేషన్ కూడా తప్పుపట్టింది. కానీ ట్రంప్ ఆ ప్రశ్న వేసి ఊరుకోలేదు. "పొకహాంటస్" అన్న పేరు పట్టుకున్నాడు. అది 17వ శతాబ్దపు ఒక ఆదివాసీ మహిళ పేరు. 2017 నవంబరులో రెండో ప్రపంచ యుద్ధంలో తమ భాషతో సంకేతాలు పంపిన నవాహో వృద్ధ సైనికులను వైట్‌హౌస్‌కు పిలిచి సన్మానిస్తూ, వాళ్ల ఎదుటే ఆ పేరు వాడాడు. వెనక గోడ మీద ఆండ్రూ జాక్సన్ చిత్రపటం ఉంది. 1830లో ఆదివాసీలను వాళ్ల భూముల నుంచి తరలించే చట్టం మీద సంతకం పెట్టిన అధ్యక్షుడాయన. వారెన్ ఆ గదిలో లేదు. ఉన్నది ఆ ముసలివాళ్లు.

సభలో అలాంటి మాట వింటే నేనేం చేయగలను?

వీడియో తీయండి. ముందూ వెనకా కత్తిరించకండి, సందర్భం పోతే సాక్ష్యం పోతుంది. తేదీ, స్థలం, ఎవరన్నారో రాసి పెట్టుకోండి. నియమావళి అమల్లో ఉన్నప్పుడు ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో అక్కడి నుంచే పంపవచ్చు, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని లక్ష్యం. రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవడం ఇంకా మంచిది. ఫలితం వచ్చాక అయితే ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. గడువు దాటితే ఇక ఆ పిటిషన్ తీసుకోరు.

ఆ క్లిప్పును "చూడండి ఏమన్నాడో" అని పది గ్రూపుల్లో పెట్టడం మాత్రం ఆలోచించి చేయండి. అన్నవాడికి కావలసింది చాలాసార్లు అదే.

వార్త రాసేటప్పుడు ఆ పదాన్ని రాయాలా, చుక్కలు పెట్టాలా?

కథనంలో ఒకసారి, అదీ పాఠకుడికి తీవ్రత తెలియాలంటే తప్పనప్పుడు. శీర్షికలో వద్దు. ఎవరినన్నారో వాళ్లలో ఒకరితో మాట్లాడి రాయండి. ఇలాంటి వార్తల్లో అన్న నాయకుడి వివరణ ఉంటుంది, పడ్డ నాయకుడి స్పందన ఉంటుంది, దెబ్బ తగిలిన జనం మాట ఒక్క వాక్యం కూడా ఉండదు.

"ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి" అంటే అది క్షమాపణేనా?

కాదు. నొచ్చుకోవడం మీ తప్పు అని చెప్పడం. అలెన్ కూడా మొదట ఆ మాటకు అర్థం లేదన్నాడు, తర్వాత మెల్లమెల్లగా దిగివచ్చి, దాదాపు రెండు వారాలకు ఆ కుర్రాడికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. ఈ లోగా వీడియో దేశమంతా తిరిగింది. ఏమన్నానో చెప్పి, అది తప్పని చెప్పి, ఎవరినన్నానో వాళ్లకు నేరుగా చెబితే అది క్షమాపణ. ఆ పని మొదటి రోజే చేస్తే ఒక్క ఫోనుతో పోతుంది.